‘చాలు’ అనే కబురు అందని ఒళ్ళు

నేను పరుపులు కుట్టేవాణ్ణి. నేను కుట్టిన ప్రతి పరుపుకీ పదేళ్ళు గ్యారంటీ ఇస్తాను, ఒకే ఒక్క షరతు మీద: దాని మీద నేను పడుకోకూడదు. ఒకసారి ఓ పెళ్ళి పరుపు మెత్తగా కుదిరిందో లేదో చూద్దామని అలా ఒరిగాను. లేచి చూస్తే అది పరుపు కాదు, దుప్పటి. తీసుకెళ్ళడానికి వచ్చిన పెళ్ళివారు అటూ ఇటూ తిప్పి చూసి, “ఏం నాగూరూ, మేం దుప్పటి చెప్పలేదే?” అన్నారు.

నాకొచ్చిన జబ్బు పేరు లావు. అది జబ్బంటే మీరు ఒప్పుకోరని తెలుసు. ముప్పై దాటేదాకా నేనూ ఒప్పుకోలేదు. ఎవరికైనా జ్వరం వస్తే పక్కింటివాళ్ళు పాలు పంపిస్తారు. కాలు విరిగితే పని మానుకుని వచ్చి మంచం పక్కన కూర్చుంటారు. లావెక్కినవాడి ఇంటికి మాత్రం సలహా తీసుకుని వస్తారు. అది ఇచ్చేసి, మన ఇంట్లో టీ తాగి వెళ్తారు. “పొద్దున్నే వేడినీళ్ళలో నిమ్మకాయ పిండుకో.” “రాత్రిపూట అన్నం మానెయ్.” “నోరు కట్టుకోవాలయ్యా, నోరు.” మా వినుకొండలో నాకు చెప్పిన నిమ్మకాయలన్నీ పిండి ఉంటే మా వీధి కాలవ పొంగి పొర్లేది.

ఇప్పుడు ఊపిరి ఆడుతోంది కాబట్టి రాస్తున్నాను. చదువు ఏడో తరగతి సగం, కాబట్టి తప్పులుంటే మీరే సర్దుకోండి. ఎక్కడో మాలాంటి ఇల్లే ఇంకోటి ఉండి, అందులో ఓ పిల్లని కంచం ముందు కూర్చోబెట్టి కొడుతూ ఉంటారని నా అనుమానం. ఆ ఇంటికి ఈ కాగితాలు చేరితే చాలు.

ముందు ఆకలి సంగతి చెప్పాలి. మీకు తెలిసిన ఆకలి వచ్చి పోయే చుట్టం. పెట్టింది తిని, సంతోషంగా వెళ్ళిపోతుంది. నాది ఇల్లరికం వచ్చిన అల్లుడు. కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కుంటుంటే, నీళ్ళు మోచేతి దాకా జారేలోపు మళ్ళీ మొదలు. కడుపు నిండలేదా అంటే నిండుతుంది. బిగిసిపోయి నొప్పి కూడా పుడుతుంది. అయినా లోపల ఎవరో ‘నిన్నటి నుంచి మెతుకు తగల్లేదు’ అని ఏడుస్తూనే ఉంటారు. నిండిన కడుపుతో ఆకలేయడం ఎలా ఉంటుందో నేను ఎవరికి చెప్పినా, ‘దాన్ని ఆకలి అనరు, ఆబ అంటారు’ అనేవాళ్ళు.

బళ్ళో మధ్యాహ్నం భోజనం పెట్టేవాళ్ళు. ఓసారి మూడోమాటు కంచం చాచితే వడ్డించే ఆమె గరిటె పైకెత్తి పట్టుకుని, “మిగతా పిల్లలు మనుషులు కాదంట్రా?” అంది. వరసంతా నవ్వింది. రేపు కూడా నవ్వుతారని నాకు అర్థమైంది. అందుకని మర్నాడు నేనే ముందు, “నాకు కంచం వద్దక్కా, ఆ గిన్నె ఇటివ్వు” అన్నాను. ఇంకా గట్టిగా నవ్వారు. కానీ ఈసారి నవ్వింది నా మాటకి, నా ఒంటికి కాదు. ఆ బళ్ళో నాకు పట్టుబడిన విద్య అదొక్కటే. కొన్నాళ్ళకి బడి మానేసి, నాన్న పక్కన దూది ఏకడానికి కూర్చున్నాను. దూదేకులవాళ్ళం, అది మా కులవృత్తి. దూది మధ్య కూర్చుంటే నేనూ ఒక మూటలాగే కనపడేవాణ్ణి, ఎవరూ వేరు చేసి చూసేవాళ్ళు కాదు.

నా లావుకి కారణం ఏమిటో ఊరందరికీ తెలుసు: తిండి. మా అమ్మకి మాత్రం వేరే కారణం తెలుసు. నేను చంటిపిల్లాడిగా ఉన్నప్పుడు జ్వరం వచ్చి కళ్ళు తేలేస్తే, కొండ కింద దర్గాకి వెళ్ళి మొక్కుకుందట. “నా బిడ్డ బతికితే వాడి ఎత్తు బెల్లం పంచుతాను బాబా” అని. బతికాను. ఆ ఏడు పత్తి దెబ్బతిని, పరుపులు కుట్టించుకునే నాథుడు లేడు. “వచ్చే ఉరుసుకి ఇద్దాంలే” అన్నాడు నాన్న. వచ్చే ఉరుసు నాటికి నేను రెండింతలయ్యాను. ఆపై ఏడు ఇంకాస్త. అమ్మ ఎప్పుడు బెల్లం కూడబెట్టినా, నా ఒళ్ళు దాన్ని దాటిపోయేది. తర్వాత నాన్న పోయాడు, మొక్కు అలాగే ఉండిపోయింది. అమ్మ లెక్కేమిటంటే, బాబాకి కోపం వచ్చి, రావలసిన బెల్లమంతా నా ఒంట్లోనే పేరుస్తున్నాడు. ఊరివాళ్ళ కారణం కన్నా నాకు ఇదే నచ్చేది. ఇందులో కనీసం తప్పు నాది కాదు.

పెళ్ళి మా అమ్మ తోబుట్టువు సైదులు మామ కూతురు జాన్‌బీతోనే అయింది. మా ఇళ్ళల్లో బయటి సంబంధాలు వెతకరు. మా నాన్న మా అమ్మకి మేనత్త కొడుకు. నేను జాన్‌బీకి మేనత్త కొడుకుని. మా నాన్న గుమ్మంలో పక్కకి తిరిగి లోపలికి వచ్చేవాడు. “అది మన వంశం ఒళ్ళురా, గట్టి ఒళ్ళు” అని మా సైదులు మామ గర్వంగా చెప్పేవాడు. ఇంట్లో ఇంతమంది గట్టివాళ్ళు ఎందుకున్నారని అడిగినవాడు మాత్రం లేడు.

మాకొక కూతురు. పేరు రేష్మా. దానికి నాలుగేళ్ళు నిండకముందే నాకు తెలిసిపోయింది. ఒకరోజు అన్నం తిని, తొట్టి దగ్గర చెయ్యి కడుక్కుంటూ వెనక్కి తిరిగి ఖాళీ పళ్ళెం వైపు చూసింది. ఆ చూపు నేనెరుగుదును. అది నాది.

పత్తి తీతల కాలం

రేష్మా ఒళ్ళు చూసి అమ్మ హడలిపోయింది. “మొక్కు పిల్ల మీదకి దిగిందిరా నాగూరా. ఈ ఏడు తీర్చకపోతే నేను చచ్చి కూడా సుఖపడను” అని పట్టుపట్టింది. ఎలా తెచ్చామో అడక్కండి, బెల్లం తెచ్చాం. తీరా ఇంకో చిక్కొచ్చి పడింది. దర్గాలో వేలాడే త్రాసు చంటిపిల్లల్ని తూచేది. దర్గా చూసుకునే ముజావరు నన్ను ఎగాదిగా చూసి, ఆ త్రాసు తీసి లోపల పెట్టి తలుపేశాడు.

చివరికి మామ నన్ను పత్తి కొట్టుకి తీసుకెళ్ళాడు. అక్కడ నేల మీద పెద్ద కాటా ఉంటుంది, మూటకి మూట పెట్టి తూచేస్తారు. పత్తి తడిగా ఉంటే ఆ తడికి తగ్గట్టు తూకంలో కోసి, దాన్ని తరుగు అంటారు. రైతులు మూటలతో వరసలో నిలబడి ఉన్నారు. మామ గుమాస్తాని బతిమాలుకుంటే, ఒక మూటకీ ఇంకో మూటకీ మధ్య నన్ను ఎక్కించారు. అంకెలు పరుగెత్తి ఆగాయి. అందరూ మెడలు చాచారు. ఎవడో ఒకడు నోరు తెరవబోతున్నాడని తెలిసి, నేనే ముందు గుమాస్తాని అడిగాను.

“తరుగు ఎంత తీస్తారండీ?”

గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని, “నీకు తేమ లేదయ్యా. గింజ ఎక్కువ” అన్నాడు.

కొట్టు కొట్టంతా నవ్వింది. ఒక రైతు నవ్వీ నవ్వీ తన మూట మీదే కూలబడ్డాడు. నేనూ నవ్వాను. అమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని, కాటా వైపు చూడకుండా నిలబడింది.

ఆ అంకెకి సరిపడా బెల్లం దర్గా ముందర రాశి పోశాం. ముద్దలు కొట్టి వచ్చిన వాళ్ళందరికీ పంచుతున్నాం. ఉరుసు జనం, తీర్థం లాంటి సందడి, ఎవరి నోట చూసినా బెల్లమే. రేష్మా నా పక్కనే నిలబడి, రాశి అంచున ఊడిన చిన్న ముక్క తీసి నోట్లో వేసుకుంది. అమ్మ చూసింది.

“ఉమ్మెయ్! ఉమ్మెయ్యవే! నీ కోసం కాదుటే ఇదంతా?”

అది ఉమ్మదు. పెదాలు బిగించేసింది. అమ్మ పిల్ల దవడలు నొక్కి, రెండు వేళ్ళు లోపలికి పోనిచ్చి, నాలుక మీది నుంచి ఆ ముక్క గోకి తీసింది. ఆ చేత్తోనే చెంప మీద ఒకటి వేసింది. కొడుతోంది, తనే ఏడుస్తోంది. చుట్టూ ఉన్నవాళ్ళు బెల్లం చప్పరిస్తూ చూస్తున్నారు. ఊరంతటికీ నోట్లో పెట్టిన బెల్లం, ఒక్క నా కూతురి నోట్లోంచి మాత్రం బయటికి తీశారు. నాకు ఏ జోకూ తట్టలేదు.

మొక్కు తీరింది. నేను తగ్గలేదు. పిల్లా తగ్గలేదు. ఇక వంటింటికి తాళం పడింది. ఆ తాళం చెవి జాన్‌బీ మెడలో గొలుసుకి వేలాడేది, పిల్ల దాన్నే చూస్తూ తిరిగేది. ఒకరోజు పొద్దున పక్కింటివాళ్ళు కోళ్ళకి చల్లిన నూకలు ఏరుకుని తింటూ దొరికింది. “నీ కూతురు మా కోళ్ళతో పోటీ పడుతోంది నాగూరూ” అని పక్కింటాయన గోడ మీది నుంచి కేకేశాడు. ఆయన తప్పేం లేదు. అలాంటి మాటలకి ఊళ్ళో అందరికీ నేనే అలవాటు చేశాను.

మిరపకాయలు కళ్ళాల్లో ఉన్నప్పుడు

ఎండలు ముదిరాక నాకు కొత్త రోగం పట్టింది. నిద్ర. కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉంటే, ఆ ఘాటుకి దారిన పోయేవాళ్ళు తుమ్మి తుమ్మి చచ్చేవాళ్ళు. నేను ఆ కళ్ళం పక్కనే కూర్చుని పరుపు కుడుతూ కుడుతూ నిద్రపోయేవాణ్ణి. ఒకసారి దబ్బనం వేలిలో దిగినా మెలకువ రాలేదు. రక్తం గుడ్డ మీద చూసి ఆ ఇంటివాళ్ళే లేపారు.

“రాత్రుళ్ళు నీకు ఊపిరి ఆగిపోతోంది బావా” అంది జాన్‌బీ. “గురక ఒక్కసారిగా ఆగుతుంది. నేను పొడుస్తాను. అప్పుడు మళ్ళీ తీసుకుంటావు.”

“పొడవకు. పోతే పోతాను, నీకు మంచం మొత్తం మిగులుతుంది” అన్నాను.

ఆమె నవ్వలేదు. ఎన్ని రాత్రులు కూర్చుని కాపలా కాసిందో కళ్ళ కింద చారలు చెప్పాయి.

ఒక మధ్యాహ్నం పని చేస్తున్న ఇంటి వరండాలో వెనక్కి పడిపోయానట. పెదాలు నీలంగా మారాయట. మామ వ్యాను మాట్లాడుకొచ్చాడు, ఆరుగురు పట్టి ఎక్కించారట. ‘ఎత్తేటప్పుడు ఎవరికైనా నడుం పట్టిందా?’ అని తర్వాత నేను అడిగాను. మామ మాట మార్చేశాడు. పట్టే ఉంటుంది.

గుంటూరులో ఓ ఆసుపత్రి. ప్రాణగండం గడిచాక, డాక్టర్ల గదుల ముందు కూర్చోబెట్టి తిప్పడం మొదలైంది. కూర్చోబెట్టి అన్నాను గానీ, కూర్చునేది ఎక్కడ? వరసగా ఇనుప కుర్చీలు, ప్రతిదానికీ రెండు పక్కలా చేతులు. నేను వాటి మధ్యకి దిగను. దిగితే లేవను. గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఒక్కొక్కళ్ళూ లోపలికి పోతున్నారు, వస్తున్నారు, నేను ఈ కాలి మీంచి ఆ కాలి మీదకి బరువు మార్చుకుంటున్నాను. ఒక పిల్లాడు వాళ్ళమ్మ చెవిలో ఏదో అడిగితే, ఆమె వాడి తల తనవైపు తిప్పుకుంది. అలా మర్యాదగా తల తిప్పుకోవడం, పగలబడి నవ్వడం కన్నా ఎక్కువ గుచ్చుకుంటుంది.

పిడుగురాళ్ళ నుంచి వచ్చిన ఒకామె అక్కడ కింద కూర్చుని ఉంది. వాళ్ళాయన సున్నం బట్టీల్లో పని చేసి ఊపిరితిత్తులు పాడు చేసుకున్నాడు, దగ్గుతూ ఆమె ఒళ్ళో పడుకున్నాడు. ఆమె కాసేపు నన్ను చూసి, సంచిలోంచి దుప్పటి తీసి నేల మీద పరిచింది.

“కూర్చో తమ్ముడూ. కుర్చీల కంటే నేల వెడల్పు.”

కూర్చున్నాను. ఆమె నా వైపు మళ్ళీ చూడలేదు, సలహా ఇవ్వలేదు, నిమ్మకాయ సంగతి ఎత్తలేదు. పేరడగడం మర్చిపోయాను. ఆ జబ్బులో నాకు దక్కిన మందుల్లో అది మొదటిది.

పిలిచారు. బరువు చూసే యంత్రం ఎక్కితే అంకె బదులు ఏవో ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. నర్సు విసుక్కుంది. “ఏం తింటావయ్యా నువ్వు?” “మిషన్ సిగ్గుపడింది సిస్టర్” అన్నాను. ఒక కుర్ర డాక్టరు నా ముఖం చూడకుండా, తిండి తగ్గించమనీ నడవమనీ రాసి పంపించాడు. ఇంకో చోట థైరాయిడ్ అన్నారు, చూస్తే అదీ బాగానే ఉంది. ‘అయితే నోరే’ అని తేల్చేశారు. చివరికి హార్మోన్ల డాక్టరమ్మ దగ్గరికి పంపారు.

ఈమె ‘ఏం తింటావు’ అని అడగలేదు. “మీ ఇంట్లో మీలాంటివాళ్ళు ఇంకెవరున్నారు?” అంది. మామ ఉత్సాహంగా మా వంశం ఒళ్ళంతా ఏకరువు పెట్టాడు. ఆమె అమ్మ వైపు తిరిగింది.

“ఈయన పసిపిల్లాడిగా ఉన్నప్పుడు పాలు తాగాక ఊరుకునేవాడా అమ్మా?”

అమ్మ తెల్లబోయింది. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. “లేదమ్మా. రొమ్ము వదిలించుకుంటే చాలు, గుక్క పట్టి ఏడ్చేవాడు. నాకు పాలు లేవనుకున్నారు. మా అత్త తిట్టేది.” చెబుతూ చెబుతూ అమ్మ కళ్ళు తుడుచుకుంది.

ఇంట్లో వదిలే దిక్కు లేక రేష్మాని కూడా వెంట తెచ్చాం. మేం మాట్లాడుతుంటే అది డాక్టరమ్మ బల్ల కింద చేరి, ఎవరో పారేసిన బిస్కెట్ కాగితం చింపి అడుగున పొడి నాకుతోంది. అమ్మ చెయ్యెత్తింది.

“కొట్టకండి. పిల్ల దొంగ కాదు. ఆకలితో ఉంది” అంది డాక్టరమ్మ.

“ఇప్పుడేగా తిన్నదీ!” అంది జాన్‌బీ.

“తెలుసు. అయినా ఆకలితో ఉంది.”

నా చెవులని నేను నమ్మలేకపోయాను. నా జన్మలో ఆ రెండు మాటలూ ఒక్కచోట పెట్టి పలికిన మనిషిని అప్పుడే చూశాను. మా నలుగురి రక్తమూ తీయించింది. పరీక్ష మేం పెట్టుకోలేనిది. ఇలాంటి ఇళ్ళని వెతుక్కునే పరిశోధన వాళ్ళు ఎవరో ఉన్నారట, వాళ్ళకి ఉత్తరాలు రాసి, మా మీద పైసా పడకుండా పంపింది. రాత్రి ముక్కుకి తగిలించుకునే గాలి యంత్రం ఒకటి ఇప్పించింది. అది పెట్టుకున్న మర్నాడు పొద్దున లేచి, ఎండ ఇంత పచ్చగా ఉంటుందా అనుకున్నాను. జాన్‌బీ ఆ రోజు మధ్యాహ్నం దాకా పడి నిద్రపోయింది.

వానలు మొదలయ్యాక

రక్తం సంగతి తెలిసేసరికి పత్తి విత్తనాలు వేస్తున్నారు. బురదలో నడిచి బస్సెక్కి, అందరం మళ్ళీ గుంటూరు వెళ్ళాం. డాక్టరమ్మ తలుపు మూయించి, తొందర లేకుండా చెప్పింది. నాకర్థమైనంత రాస్తాను.

ఒంట్లో కొవ్వు ఊరికే పడి ఉండదట. ‘సరుకు నిండింది, ఇక చాలు’ అని రక్తంలో మెదడుకి కబురు పంపిస్తూనే ఉంటుందట. ఆ కబురు అందుకోవడానికి మెదడులో కంటికి కనపడనంత చిన్న తలుపులుంటాయి. ఆ తలుపులు ఎలా తయారవాలో చెప్పే జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తుంది. నాకు రెండూ చెడిపోయినవే వచ్చాయి. రేష్మాకీ రెండూ అంతే. అమ్మకీ జాన్‌బీకీ ఒకటి మంచిది, ఒకటి చెడ్డది. అందుకే వాళ్ళు ఒడ్డున పడ్డారు. మా మెదడు మాత్రం మేం కరువులో ఉన్నామనుకుంటుంది. తినమని తరుముతుంది, ఒంట్లో ఉన్నదాన్ని ఖర్చు పెట్టనివ్వదు.

“అంటే ఫోన్ మోగుతోంది గానీ ఎత్తేవాడు లేడన్నమాట” అన్నాను.

“ఎత్తేవాడు ఉన్నాడండి. మోగుతున్నట్టు ఆయనకి తెలియదు. ఫోన్ పుట్టడమే సైలెంట్‌లో పుట్టింది.”

ఇలా రెండూ చెడిపోయి పుట్టేవాళ్ళు బహు తక్కువట. కానీ మిగతా లావు మనుషుల ఒంట్లో కూడా ఇలాంటి చిన్నా పెద్దా కారణాలు బోలెడు పని చేస్తుంటాయనీ, నోరొక్కదాన్నే పట్టుకుని తిట్టడం న్యాయం కాదనీ చెప్పింది. దగ్గరి రక్తంలో చేసుకున్నప్పుడు చెడిపోయినవి రెండూ ఒకేచోట పడే వీలు ఎక్కువనీ చెప్పింది. ఆ మాట దగ్గర మామ కుర్చీలో కదిలాడు.

అమ్మ అంతసేపూ కొంగు చివర మెలిపెడుతూ కూర్చుంది. చివరికి అడిగింది.

“అయితే మొక్కు ఆలస్యం చేసినందుకు కాదా అమ్మా?”

“కాదమ్మా. మీరు మొక్కుకోక ముందే, ఆయన పుట్టకముందే ఉంది అది.”

అమ్మ ఏడ్చిన ఏడుపు నేనెన్నడూ వినలేదు. ఇన్నేళ్ళూ కొడుకుని తానే ఇలా చేశానని మోసుకు తిరిగింది. ఇప్పుడది దించి, ఇంకోటి ఎత్తుకుంది. బయటికి వచ్చాక, “అది కూడా నా నుంచేగా వచ్చింది” అని గొణిగింది. దానికి డాక్టరమ్మ దగ్గర మందు లేదు, నా దగ్గరా లేదు.

కారణం తెలిస్తే ఒళ్ళు తేలికవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. నాకు ముందు కోపం వచ్చింది. గరిటె ఎత్తిన ఆమె మీద, కుర్ర డాక్టరు మీద, ఆరోగ్యం గురించి నాకు ప్రసంగం ఇచ్చి బీడీ వెలిగించుకున్న ప్రతివాడి మీదా. నేను చేయని దొంగతనానికి ఇన్నేళ్ళు బజార్లో తిప్పారు. తిప్పుతుంటే నేనే ముందు నడిచి డప్పు కొట్టాను. ఇప్పుడు ‘దొంగ వీడు కాదు’ అని ఒక గదిలో తలుపులు వేసుకుని ఐదుగురికి చెబితే, మిగతా ఊరికి ఎవరు చెప్తారు?

నేనే చెప్పబోయాను. ఇంటికి వచ్చాక మామ తరఫువాళ్ళందరూ చేరారు. జన్యువు, తలుపులు, అమ్మ వైపు ఒకటి, నాన్న వైపు ఒకటి, నాకొచ్చినట్టు వివరించాను. అందరూ ముఖాలు సిద్ధం చేసుకుని, చివర్లో వచ్చే జోకు కోసం ఎదురుచూశారు. రాకపోయేసరికి, వచ్చిందనుకుని నవ్వేశారు.

“ఒరేయ్, బిర్యానీ తిన్నది నువ్వు, కేసు మా రక్తం మీద పెడతావా?” అన్నాడు మామ. నవ్వులు ఇంకా పెరిగాయి. “తాతల నాటి నుంచి ఇచ్చిపుచ్చుకుంటున్నాం. ఎవరికేమైంది? రేపు రేష్మాని మన పెద్దోడి కొడుక్కే చేసుకుంటాం, చూస్తూ ఉండు.”

జాన్‌బీ టీ గ్లాసులు తెస్తూ గుమ్మంలో ఆగింది. “నాన్నా, ఆ మాట ఇంకోసారి ఈ ఇంట్లో ఎత్తితే నేను నీ ఇంటికి రాను.”

నవ్వులు ఆగాయి. ఆయన టీ తాగకుండా లేచి వెళ్ళాడు. ఇప్పటికీ మాటల్లేవు. నేను గంటసేపు చెప్పి సాధించలేనిది ఆమె నిలబడి ఒక్క మాటలో సాధించింది. ఆమె ఎన్నడూ జోకులు వేయలేదు కదా, అందుకని నమ్మారు.

ఇప్పుడు

గాలి యంత్రం పెట్టుకుని పడుకుంటున్నాను. కూర్చుని కుట్టగలుగుతున్నాను. కొంత తగ్గాను, ఎంతని అడక్కండి, చూస్తే కనపడేంత కాదు. కడుపు ఆపరేషన్ సంగతి డాక్టరమ్మ ఆలోచిస్తోంది. మాలాంటి వాళ్ళకి పనికొచ్చే సూది మందులు ఎక్కడెక్కడో వస్తున్నాయట, అవి మా దాకా వచ్చేసరికి రేష్మా పెద్దదవుతుందేమో. ఆకలి మాత్రం పోలేదు. అల్లుడు అల్లుడే, పీట వేసుకుని కూర్చునే ఉన్నాడు. తేడా ఒక్కటే, ఇప్పుడు వాడి ఊరూ పేరూ తెలుసు.

వంటింటి తాళం తీసేశాం. డాక్టరమ్మ చెప్పినట్టు ఇంట్లో అందరం ఒకేసారి, ఒకేలాంటి పళ్ళేల్లో తింటాం. అమ్మ చెయ్యెత్తడం మానేసింది. పళ్ళెం ఖాళీ అయ్యాక రేష్మా మళ్ళీ అడుగుతుంది. ఇదివరకు ‘ఇప్పుడేగా తిన్నావు’ అని గదమాయించేవాళ్ళం. ఇప్పుడు జాన్‌బీ దాని పక్కన కూర్చుని, “నీకింకా ఆకలేస్తోంది. నాకు తెలుసు. నమ్ముతున్నాను. కానీ ఇప్పటికి ఇంతే తల్లీ” అంటుంది. అది ఏడుస్తుంది. ఏడుపు తగ్గిందని అబద్ధం చెప్పను. కానీ దొంగలాగా నక్కి ఏడవడం లేదు, వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చుని ఏడుస్తోంది. ‘నమ్ముతున్నాను’ అనే మాట నాకెవరూ అనలేదు. అది విన్న ప్రతిసారీ నేను లేచి బయటికి వెళ్ళిపోతాను.

బడి తెరిచాక రేష్మాని ఒకటో తరగతిలో వేశాం. రెండు రోజులు సరదాగా వెళ్ళింది. మూడో రోజు ఏడ్చి ఏడ్చి ముఖం వాచిపోయి వచ్చింది. బెంచీ మీద దాని పక్కన ఎవరూ కూర్చోరట, విరుగుతుందని. అది నా పరుపుల మూటల మధ్య దూరి కూర్చుంటే నా మనసు ఆగలేదు. దగ్గరికి పిలిచి, నాకు తెలిసిన విద్య నేర్పాను. ‘వాళ్ళు అనేదాకా ఆగకు. తలుపు దగ్గరే నిలబడి నువ్వే చెప్పు.’ చేతులు ఎలా పెట్టాలో, ఎక్కడ ఆగాలో, కళ్ళు ఎలా తిప్పాలో కూడా చూపించాను. పిల్ల గట్టిది, ఇట్టే పట్టేసింది.

మర్నాడు సాయంత్రం బడి నుంచి ఎగురుకుంటూ వచ్చింది. గుమ్మంలో నిలబడి, రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, “జరగండి జరగండి, లారీ వస్తోంది! బెంచీలు జాగ్రత్త!” అని అరిచింది. క్లాసంతా నవ్విందట. టీచరు కూడా నవ్విందట. మళ్ళీ చెప్పమన్నారట. మళ్ళీ చెప్పిందట. చెప్పి చెప్పి అదీ నవ్వుతోంది. నేను కడుపు పట్టుకుని నవ్వాను.

జాన్‌బీ బియ్యం చెరుగుతోంది. చేట ఆగింది.

“చూశావా నా కూతుర్ని!” అన్నాను. “ఇక దాన్ని ఎవడూ ఏడిపించలేడు.”

జాన్‌బీ రేష్మాని లోపలికి వెళ్ళి కాళ్ళు కడుక్కోమంది. అది వెళ్ళేదాకా ఆగి, అప్పుడంది.

“ఆకలి నీ రక్తంలోంచి వచ్చింది బావా. నీ తప్పేం లేదని డాక్టరమ్మ చెప్తే నేనూ విన్నాను. మరి ఈ లారీ జోకు ఎవరి రక్తంలోంచి వచ్చింది? కూర్చోబెట్టుకుని నేర్పింది నువ్వు కాదూ?”